చప్పుడు చేయని బెల్టు

నిన్న పొద్దున ఊరిగాంలో మా రిపేరు షెడ్డు ముందర ఒక ఎర్ర కారు వచ్చి ఆగింది. తోలుకొచ్చినాయన బ్యాంకులో పని చేస్తాడట. బెంగుళూరులో ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మకానికి పెట్టిన బండి, పైకి మామూలు కారులాగే ఉంటుంది గానీ కాలు అలా ఆనించితే చాలు ముందుకు దూకే రకం, కొనేముందు నాకు చూపించమని ఎవరో చెప్పి పంపారట. నన్ను చూడగానే ఆయన నవ్వి, “తాతా, మీరు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోని వింటే సాలంట కదా, ఒకతూరి వినండి” అన్నాడు. నేను బానెట్టు వైపు కూడా చూడకుండా సర్వీసు పుస్తకం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వరస వరసకూ వేలు ఆనించుకుంటూ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. నా చదువు నిదానం. ఆయనకు విసుగు పుట్టి కారుకు ఒక తీగ తగిలించి ఫోనులో ఏవేవో అంకెలు చూసుకున్నాడు. చూసుకోనీ అనుకున్నాను. ఆఖరి పేజీ దాకా చదివిన తరవాతే లేచాను.

ఈ మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. బతికున్న మనిషినొకణ్ణి పోగొట్టుకుని నేర్చుకున్నది. నా ఈడు వాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా నలుగురు మిగిలి ఉండగానే ఆ సంగతి రాసి పెట్టాలని ఈ పొద్దు కూర్చున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. యాభై దాటాక పట్టిన బలపం నాది.

మా నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు బంగారు గనిలో పనికి వచ్చిన మనిషి. నేను మీసం రాకముందే వైండింగ్ ఇంజను ఇంట్లో చేరాను. అంటే, కింద పని చేసేవాళ్ళు ఎక్కిన బోనును ఇనుప తాడుతో భూమి లోపలికి దించి, మళ్ళీ పైకి లాగే పెద్ద ఇంజను ఉండే ఇల్లు. నూనె పోసేవాడిగా చేరి ఫిట్టరునయ్యాను. బడి గడప తొక్కింది లేదు. అయితే మా ఊరి సంగతి మీకు తెలుసు కదా, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అంగట్లో కన్నడం, పనిలో దొరల ఇంగ్లీషు. నాలుగు భాషలూ గడగడా మాట్లాడేవాణ్ణి. నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ అక్షరం గుర్తుపట్టేవాణ్ణి కాదు. జీతం పుస్తకంలో గీసే సంతకం కూడా ఒక బొమ్మలాగా నేర్చుకున్నదే.

ఇందువల్ల మా ఊళ్ళో నాకేమీ కష్టం రాలేదు. కష్టమంతా మా అత్తగారి ఊరు సుగటూరులో వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే గని అల్లుడంటే అక్కడ వాళ్ళకు పెద్ద చదువరి కిందే లెక్క. నేను పోతే చాలు ఎవరో ఒకరు ఏదో కాగితం పట్టుకుని వచ్చేవారు. కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చానని చెప్పేవాణ్ణి. అప్పట్లో నాకు కళ్ళజోడే లేదు. కన్నడం కాగితమైతే మా ఆవిడ వంటింట్లో ముందే చదివి నా చెవిలో వేసేది. ఇంగ్లీషుదైతే ఇది కోలారు ఆఫీసులోనే తేలాలి అని గంభీరంగా మడిచి ఇచ్చేసేవాణ్ణి. ఒక్కసారైనా, నాకు చదువు రాదప్పా అని ఉంటే నలుగురూ ఒక పూట నవ్వి మరిచిపోయేవాళ్ళు. అనలేదు. అల్లుడి మర్యాద అంత తీపిగా ఉండేది.

మా బామ్మర్దిని ఆ ఇంట్లో మా ఆవిడే పెంచింది. వాళ్ళ అమ్మ చిన్నప్పుడే పోయింది. పెళ్ళయి అక్క ఊరిగాం వచ్చేస్తే, వాడు ప్రతి సెలవుకూ బస్సెక్కి మా ఇంటికి వచ్చి, ఇంజను ఇంటి కిటికీకి అతుక్కుని నిలబడేవాడు. పదో తరగతి వరకు కన్నడంలో చదివాడు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలడు, కానీ వాడి మనసంతా చక్రాల మీదే. గని మూతపడి నేను ఈ షెడ్డు వేసుకునేసరికి వాడు బెంగుళూరులో ఒక షావుకారు దగ్గర కారు డ్రైవరు. ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుని స్పానర్లు తుడుస్తూ నన్ను ఆటపట్టించేవాడు. “ఏం బావా, నీ చెవి పెన్షన్ తీసుకొనిందా, ఇంగా పని చేస్తా ఉండాదా?” అనేవాడు. “నీ నోరు పనిచేసినంత కాలం నా చెవి పనిచేస్తాదిలేరా” అనేవాణ్ణి నేను. బావా బామ్మర్దులమే గానీ నాకు వాడు కొడుకు, తమ్ముడు, స్నేహితుడు, అన్నీ.

వాడు తోలుతుంటే చూడాలి. గేరు మార్చింది కడుపులో నీళ్ళకు కూడా తెలిసేది కాదు. మా ఊళ్ళో సైనైడు దిబ్బల మీద, అంటే బంగారం తీసేశాక గని మట్టి పోసిన గుట్టల మీద, అప్పుడప్పుడు కార్ల పందేలు జరిగేవి. ఒకసారి ఎవరిదో జీపు తీసుకుని ఆ తెల్లమట్టి మీద వాడు తిరిగిన తిరుగుడు చూసి, బెంగుళూరులో పందెపు కార్లు తయారుచేసే ఒకాయన, నీకంటూ ఒక మంచి బండి ఉంటే వచ్చి చేరు, నిన్ను తోలేవాడిగా పెట్టుకుంటాను అన్నాడు. అప్పటి నుంచీ వాడికి నిద్ర లేదు. షావుకారి స్నేహితుడొకడు తన పాత కారు అమ్ముతున్నాడని తెలిసింది. పరదేశపు బండి, టర్బో ఇంజను, అంటే లోపలికి గాలిని బలంగా నెట్టే చక్రం ఒకటి ఉండే రకం. దానికోసం వాడు తన భాగానికి వచ్చిన ఆవులను కూడా అమ్ముకున్నాడు. అయితే బండిని ఇంటికి తీసుకుపోకుండా నేరుగా నా షెడ్డుకే తెచ్చాడు. “బావా, నువ్వు సరే అంటే కొంటా. వద్దంటే తిప్పి పంపిస్తా. ఇంగెవుర్నీ అడగను” అన్నాడు.

ఆ రోజు నేను చేసిన పనులన్నీ సరిగ్గానే చేశాను, ఒక్కటి తప్ప. అమ్మేవాళ్ళు ఇంజను ముందే వేడి చేసి తెస్తారు గనుక పూర్తిగా చల్లారేదాకా తాకనివ్వలేదు. చల్లటి ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. పొగలో నీలం లేదు. నూనె కొలిచే పుల్ల తీసి వేళ్ళ మధ్య రుద్ది చూశాను, జిగురు లేదు. టర్బో గొట్టం విప్పి చక్రాన్ని వేలితో కదిపి చూశాను, వదులు లేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఒక్కొక్క బేరింగునూ విన్నాను. అంత శుభ్రంగా పాడే ఇంజనును అంతకుముందు నేను వినలేదు. చివరికి వాడు సర్వీసు పుస్తకం నా చేతిలో పెట్టాడు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం.

ఇక్కడ మా గని మనుషులకు మాత్రమే అర్థమయ్యే ఒక మాట చెప్పాలి. వైండింగ్ తాడును రోజూ పరీక్ష చేసి, ఒక రిజిస్టరులో ఏదో రాసి, కింద సీలు గుద్దేవాళ్ళు. రాసింది నాకు అవసరం లేదు. సీలు పడిందా లేదా అన్నదే నేను చూసేవాణ్ణి. సీలు పడితే బోను కదలొచ్చు. ఇరవై ఏళ్ళపాటు ఆ సీలును నమ్ముకుని ఊరి మగవాళ్ళందరూ కిందికి దిగి మళ్ళీ ఇళ్ళకు చేరారు. సీలంటే నాకు దేవుడి బొట్టు. ఆ కారు పుస్తకంలోనూ పేజీ పేజీకీ సీలు ఉంది, ఒక్కటీ తప్పలేదు. ఆఖరి సీలు కింద పెన్నుతో ఒక గీత పొడవునా ఏవో అక్షరాలు రాసి ఉండటం కూడా చూశాను. చదువుతున్నట్టు కాసేపు దాని మీద కళ్ళు నిలిపి, తల ఊపి, పుస్తకం మూసి, “అన్నీ వరసగా ఉండాయి. కళ్ళు మూసుకోని తీసుకో” అన్నాను.

మా ఆవిడ కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాకు చదువు రాదని ఈ లోకంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నా ముఖం చూసింది, పుస్తకం చూసింది, గ్లాసులు దించి లోపలికి పోయింది. వాడు ఆ పుస్తకం తెరవనైనా తెరవలేదు. బావ చూసిన తరవాత మళ్ళీ తాను చూడటం మర్యాద కాదనుకున్నాడు.

వాడు కారు కొన్నాక నాలుగు నెలలు మా ఇంట్లో పండగలాగే గడిచాయి. అలాంటి ఇంజనుకు ఏం పెట్టాలో, ఎలా చూసుకోవాలో వాడికి నేను నూరిపోశాను. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా తొక్కకూడదు, నూనె అన్ని మూలలకూ చేరనివ్వాలి. గట్టిగా తోలి వచ్చినప్పుడు వెంటనే ఆపకూడదు, టర్బో లోపల నిప్పులా కాలుతూ ఉంటుంది, ఒకట్రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపాలి, లేకపోతే నూనె మాడిపోతుంది. నూనె మార్చే గడువు పుస్తకం చెప్పిన దానికంటే ముందే పెట్టుకోవాలి. వాడు పసిబిడ్డను సాకినట్టు సాకాడు. వాకిట్లో ఆపి, ఇంజను తిరుగుతుండగానే లోపల కూర్చుని, “అక్కా, నీ మొగుడు పెట్టిన శిక్ష, రెండు నిమిషాలు జైల్లో ఉండి వస్తా” అని కేక పెట్టేవాడు.

మామిడి కాయలు దిగే రోజులు. శ్రీనివాసపురం మార్కెట్టు దారిలో ఎక్కడ చూసినా లారీలే. ఒక పొద్దున వాడు ఆ దారిలో ఒక లారీని దాటుతూ ఉండగా, ఎదురుగా ఇంకొకటి వస్తూ ఉండగా, ఇంజను ఆగిపోయింది. ముందు ఒక చప్పుడు లేదు, వణుకు లేదు, దీపం చల్లారినట్టు ఆగిపోయింది. ఆగిన ఇంజనుతో స్టీరింగు బండరాయిలా బిగుసుకుంటుంది. ఉన్న బలమంతా పెట్టి ఎదుటి లారీని తప్పించాడు గానీ, పక్కన నిలిపి ఉన్న మామిడి లారీ వెనక భాగానికి కొట్టుకున్నాడు. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

వాడు కోలారు ఆస్పత్రిలో ఉండగానే ఆ బండిని నా షెడ్డుకు లాగించుకుని ఇంజను విప్పాను. ప్లాస్టిక్ మూత తీయగానే కనబడింది, పీలికలు పీలికలైన రబ్బరు బెల్టు. తెలియని వాళ్ళకు చెప్తాను. ఇంజనులో పిస్టన్లు పైకి వచ్చే వేళకు వాల్వులు పక్కకు తప్పుకోవాలి. ఆ రెంటినీ ఒకే లయకు కట్టి ఉంచేది ఆ బెల్టు. తెగిందంటే పిస్టన్లు పోయి వాల్వులను గుద్దుతాయి, ఇంజను అక్కడికక్కడే చస్తుంది. నేను పనిచేసిన పాత కార్లలో, జీపుల్లో ఈ పనికి ఇనుప గొలుసు ఉండేది. గొలుసు సాగితే నెలల తరబడి గలగలమని గోల పెడుతుంది, చెవి ఉన్నవాడికి చెప్పి మరీ చస్తుంది. బెల్టు చప్పుడు చెయ్యదు. దాన్ని వినలేం. దాని వయసు చూసి, నున్నగా కనబడినా సరే, గడువు రోజున తీసి పారేయాలి. అయినా ఆ సంగతి నాకు తెలియదని ఎలా అనను? వైండింగ్ తాడును కూడా కంపెనీ అట్లాగే మార్చేది కదా, మంచిగా ఉన్న తాడును గడువు కాగానే దించేసేవాళ్ళు కదా, ఎందుకంటే తాడు కూడా తెగే ముందు మాట్లాడదు. ఇరవై ఏళ్ళు దాని పక్కన నిలబడి కూడా నేను నేర్చుకున్నది సీలు మాత్రమే.

పుస్తకం ఆ కారులోనే ఉంది. ఆఖరి సీలు కింద ఉన్న పెన్ను గీత నన్ను చూస్తూ ఉంది. అది ఏమై ఉంటుందో నా గుండెకు తెలిసిపోయింది. పుస్తకాన్ని పాత గోనెపట్టాలో చుట్టి షెడ్డు అటక మీద దాచాను.

తరవాతి దాన్ని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయక తప్పదు. ఆస్పత్రిలో మంచం చుట్టూ సుగటూరు వాళ్ళందరూ ఉండగా వాడు నన్ను అడిగాడు. “బావా, ఇంజను ఎందుకు ఆగిపాయ?” అందరూ నా వైపు చూశారు. నేను, “నువ్వు ఎక్కువ తొక్కినావప్పా. అది తట్టుకోలేకపొయింది” అన్నాను. వాడు, “అవును బావా. ఆ పొద్దు లేటాయనని చల్లగుండంగానే తొక్కినా. నువ్వు వద్దని చెప్పింటివి” అన్నాడు. చల్లటి ఇంజనును ఒక పూట తొక్కినంత మాత్రాన బెల్టు తెగదు. ఆ మాట అనడానికి నాకు అక్కడ నోరు ఉంది. తెరవలేదు.

వాడు బెంగుళూరు వదిలి సుగటూరు పోయాడు. చంకలో కర్ర పెట్టుకుని పట్టుపురుగులు సాకాడు. పందెపు కార్లాయన మనిషిని పంపితే ఇంటి లోపల నుంచే లేడని చెప్పించాడట. మా ఆవిడ ఆ విషయం గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది, రాగులు విసురుతూ, నా వైపు చూడకుండా. “ఆ పొద్దు నేనన్నా నోరు తెరిచి ఉండాల్సింది” అంది. అంతే.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ ఒక్క గీత చదవడానికి. వేరెవరికైనా చూపించి చదివించుకోవచ్చు. సిగ్గు. ఊరిగాంలో చర్చి వెనక ఉండే ఒక రిటైరయిన టీచరమ్మ దగ్గరికి, బిల్లులు చదువుకోవాలని అబద్ధం చెప్పి, సాయంత్రాలు పోయేవాణ్ణి. “ఈ వయసులో నీకు ఎవరు లవ్ లెటర్ రాసినారయ్యా?” అని ఆమె నవ్వేది. స్పానరు పట్టిన వేళ్ళకు పెన్సిలు నిలిచేది కాదు. తెలుగు తరవాత వచ్చింది, గోడ మీది క్యాలెండరు చూసి, మా ఆవిడ కన్నడం అక్షరాలతో పోల్చి చూపిస్తుంటే. ఇంగ్లీషులో చేతిరాత చదవడానికి రెండేళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం షెడ్డు తలుపు వేసుకుని గోనెపట్టా విప్పాను. టైమింగు బెల్టు గడువు దాటింది, ఓనరు వద్దన్నందున మార్చలేదు, వెంటనే మార్చవలెను. ఇంతే రాసి ఉంది. నా చదువు మొత్తానికి అది మొదటి వాక్యం.

చదివాక పోయి చెప్పానా? లేదు. ఇంకో పదేళ్ళు చెప్పలేదు.

చెప్పించింది వాడి కూతురు, వాడికి కాలు పోయేనాటికి బడికి పోతూ ఉన్న పిల్ల. డిగ్రీ అయిపోయి, పాల వ్యాను తోలడం నేర్చుకుని సొంతంగా నడుపుకుంటానని ఆ పిల్ల అడిగితే, వాడు కూడదన్నాడట. “నాది ఇంజన్లను సంపే కాలు. ఆ పాపం నీకు వద్దు తల్లీ” అన్నాడట. మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చి ఆ మాట చెప్పి, అన్నం పెట్టి, నా ఎదురుగా కూర్చుంది. మరుసటి పొద్దున నేను పుస్తకం తీసుకుని సుగటూరు బస్సెక్కాను.

వాడు పురుగుల కొట్టంలో ఆకు పరుస్తున్నాడు. ఆఖరి జ్వరం దాటిన, అంటే ఆఖరిసారి కుబుసం విడిచిన పురుగులు ఆకు తింటుంటే కొట్టమంతా వాన పడుతున్నట్టు చప్పుడు. పుస్తకం వాడి ముందు పెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. “రేయ్, నాకు చదువు రాకుండెరా. ఆ పొద్దు నేను దీన్ని చదవలే. బెల్టు మార్చలేదని దీంట్లో రాసుండాది. నీ తప్పేమీ లేదు.”

వాడు ఆ గీతను కూడబలుక్కుని చదివాడు.

“బెల్టు తెగిందని నీకు ఎప్పుడు తెలిసె?” అన్నాడు.

“నువ్వు ఆస్పత్రిలో ఉండంగానే.”

“అంటే నేను ఎక్కువ తొక్కినానని అన్నప్పుడే తెలుసు.”

“తెలుసు.”

వాడు ఆకు బుట్ట పక్కన పెట్టి కర్ర ఆనుకుని లేచాడు. “చదువు రాదంటే నవ్వుతాననుకుంటివా బావా? నవ్వుతా. నవ్వేసి నేనే చదివి చెప్తా ఉంటిని. కాలు పోయిందానికి నిన్ను ఒక మాట అనను. ఒంటికాలితో తోలేవాళ్ళు ఉండారు, చేతికి లివరు పెట్టించుకోని. అది పెట్టిస్తాను రా అని ఆ పందెం కార్లాయప్ప మూడుతూర్లు మనిషిని పంపించె. నేను యాల పోలేదు? మంచి ఇంజన్ని సంపినోడికి ఇంగోదాన్ని తాకే అర్హత లేదనుకుంటిని. నువ్వు చెప్పింటివి కదా, అందుకని నమ్మితిని. పన్నెండేండ్లు, బావా.”

నేను చేతులు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు. “ఇంగ పో బావా. అక్కను కావాలంటే పంపించు. నువ్వు రావొద్దు” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే ఏనాటికైనా చల్లారుతుందని ఆశ ఉండేది.

ఆ నెలలోనే వాడు కూతురి పక్క సీటులో కూర్చుని దగ్గరుండి తోలడం నేర్పించాడట. ఇప్పుడు ఆ పిల్ల పొద్దున్నే పది ఊళ్ళ పాలు ఎత్తి కోలారుకు చేరుస్తుంది. వ్యాను రిపేరుకు ఇచ్చేది కోలారులోనే. ఊరిగాం దాకా రాదు. మా ఆవిడ ఏడాదికి రెండుసార్లు ఒంటరిగా పుట్టింటికి పోయి వస్తుంది. వచ్చాక ఆవుల సంగతి చెబుతుంది, పట్టుగూళ్ళు ఎట్లా అయ్యాయో చెబుతుంది, తమ్ముడి పేరు ఎత్తదు. నేనూ అడగను. ఆరేళ్ళుగా ఇట్లాగే నడుస్తోంది.

మన కాలంలో మాట మీద నడిచేది, ఈ కాలంలో ఎవరూ ఎవరినీ నమ్మరు, ప్రతిదానికీ కాగితం అడుగుతారు, తీగ తగిలించి చూసుకుంటారు అని నా ఈడు వాళ్ళు టీ అంగడి దగ్గర కూర్చుని బాధపడుతూ ఉంటారు. నేను వాళ్ళతో గొంతు కలపను. అట్లా నమ్మకపోవడమే మంచిది. ఆ రోజుల్లో ఇటువంటి తీగ ఒకటి ఉండి, నా మాటను పక్కన పెట్టి వాడు దాన్నే చూసుకుని ఉంటే, అది బెల్టు సంగతి చెప్పినా చెప్పకపోయినా, కనీసం వాడు నన్ను అడిగి ఉండడు కదా, నేను అబద్ధం చెప్పి ఉండను కదా అని కూడా అనుకుంటాను. అనుకుంటూనే, షెడ్డులో పని లేని మధ్యాహ్నాల్లో ఇంకొకటి కూడా తోస్తుంది. పుస్తకం తెరవకుండా, ఇంకొకరిని అడగకుండా, బావ సరే అన్నాడన్న ఒక్క మాట మీద ఒక మనిషి తన బతుకంతా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంతగా నన్ను నమ్మేవాడు ఇక ఎవరూ రారు. రాకూడదు కూడా.